అవ్వ కాళ్లకు పసుపు

పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక సంఘ కార్యదర్శి ప్రకటనలు చదివాడు. చర్చి వెనక కొత్తగా కట్టిన ఆదివారపు బడి గదికి అవ్వ పేరు పెడుతున్నారట. వచ్చే ఆదివారమే ప్రారంభం. "సంఘం ఒడిలో పెరిగి, సంఘం ఒడిలోనే ప్రభువునందు నిద్రించిన విశ్వాసురాలు" అని కాగితం మీద రాసుకొచ్చింది చదివి, అందరూ ఆమెన్ అనేదాకా ఆగాడు. అందరూ అన్నారు. నేను అనలేదు.

బయట చెప్పులు వేసుకుంటుంటే అతనే దగ్గరికి వచ్చాడు. నా చిన్న కొడుకు ఈడువాడు, మంచి పిల్లవాడు.

"అమ్మా, అవ్వ దగ్గర సదువుకున్న పాతోళ్లల్ల ఇప్పుడు మీరొక్కలే ఉన్నరు. ఓ మూడు నిమిషాలు సాక్ష్యం చెప్పాలె."

"ఏం చెప్పాలె?"

"ఏముందమ్మా, మంచి ముచ్చట్లు. ఆమె ప్రార్థన, ఆమె ఓపిక. పిల్లలు నేర్సుకునేటియి."

"ఆమెకు ఓపిక లేకుండె."

ముసలామె పరాచికం ఆడుతోందనుకుని నవ్వి వెళ్లిపోయాడు.

ఆటోలో ఇంటికి వస్తుంటే మార్కెట్ యార్డు ముందు ట్రాక్టర్లు వరసగా ఆగి ఉన్నాయి. బాల్కొండ వైపు నుంచి, మోర్తాడ్ వైపు నుంచి వచ్చిన బస్తాలు. ఈ రోజుల్లో ఆర్మూర్‌లో ఎక్కడ నిలబడ్డా ఎండిన పసుపు ఘాటు ముక్కుకి తగులుతుంది. ఆటోవాడు రుమాలు కట్టుకున్నాడు. నేను మాత్రం ఊపిరి గట్టిగా పీల్చాను. పీల్చినకొద్దీ కోపం ఎక్కువైంది.

కోపం పాపమని నేర్చుకున్నదాన్ని, పిల్లలకు నేర్పినదాన్ని. అయినా ఈ వారమంతా మోకాళ్ల మీద ఉన్నప్పుడు నా నోట కోపం తప్ప ఇంకేదీ రావడం లేదు. దేవాలయంలో వ్యాపారుల బల్లలు తలకిందులు చేసిన ప్రభువు నన్ను అర్థం చేసుకుంటాడనే ధైర్యంతో ఇది రాస్తున్నాను. సంఘం అవ్వను ఒడిలో పెట్టుకోలేదు. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల దగ్గరికి రావద్దని ఆమెను వెనక బెంచీకి పంపింది. మళ్లీ రమ్మని పిలవలేదు. చనిపోయేదాకా అవ్వ ఎదురుచూసింది ఆ ఒక్క పిలుపు కోసమే.

*

అవ్వ మాకు చుట్టం కాదు. మా గల్లీ చివర ఒంటి గది పెంకుటింట్లో ఉండేది. పెళ్లయిన మూడో ఏడే భర్త పోయాడు, పిల్లలు లేరు. గల్లీలో చిన్నా పెద్దా అందరూ అవ్వ అనేవారు. మిషన్ బడిలో నాలుగు తరగతులు చదివిందట. ఆ నాలుగు తరగతుల చదువుతో మా సంఘంలో మూడు తరాల ఆడపిల్లలకు వాక్యం నేర్పింది. దానికి ఆమెకు జీతం లేదు. కూలికి పోయేది. వానాకాలం నాట్లు, కలుపు. ఆ తర్వాత బీడీలు. చలి తగ్గే రోజుల నుంచి ఎండలు ముదిరేదాకా పసుపు.

నా జ్ఞాపకాల్లో అవ్వ ఎప్పుడూ పసుపు కాలంలోనే ఉంటుంది. ఊరి బయట, గుట్ట నల్లరాళ్లు కనబడే చోట, రైతుల కల్లాలు ఉండేవి. తవ్వి తెచ్చిన పసుపు గడ్డలు కుప్పలు పోసేవారు. తల్లిగడ్డ నుంచి కొమ్ములు విరిచి వేరుచేయడం ఆడవాళ్ల పని. బడి విడిచాక మేం ఆడపిల్లలం అక్కడికే చేరేవాళ్లం. అవ్వ బడి అదే. గడ్డ చేతికిచ్చి, ఒక్కో కొమ్ము విరిచినప్పుడల్లా కీర్తనలో ఒక్కో మాట చెప్పించేది. ఒక్క మాట తప్పినా, మింగినా, అప్పటిదాకా విరిచిన కొమ్ములన్నీ మళ్లీ కుప్పలో వేయించి కొత్త గడ్డ చేతిలో పెట్టేది.

"మొత్తం చెప్పాలె. నోటికొచ్చింది చెప్పుడు కాదు," అనేది.

తప్పు చేస్తే తొడమీద గిల్లేది. ఓపిక లేకుండె అన్నది అందుకే. ఆమె ప్రార్థన కూడా అలాగే ఉండేది. కళ్లు మూసుకుని, కూలికి పిలిచినా రాని మనిషిని నిలదీసినట్టు, "వినవడుతుందా లేదా నీకు, పొద్దటి సంది అడుగుతున్న," అని మొదలుపెట్టేది. మేం కొంగుల్లో మూతి దాచుకుని నవ్వేవాళ్లం. ఇంత కాలం ఎన్నో కూడికల్లో ఎందరో గొప్ప ప్రసంగీకులు ప్రార్థించగా విన్నాను. దేవుడు ఎదురుగా కూర్చున్నాడని నమ్మి మాట్లాడిన మనిషిని ఆమెనొక్కదాన్నే చూశాను.

కల్లంలో పెద్ద కడాయి కింద కందికట్టె మండేది. ఉడికే పసుపు మీద నురగ లేచేది. ఆవిరి మట్టివాసనతో, కొంచెం చేదుగా, గొంతులోకి దిగేది. పుల్లతో గుచ్చి, మెత్తగా దిగితే ఉడికిందని దింపేవారు. పొయ్యి ఆరాక ఆ నిప్పుల్లో అవ్వ మా కోసం గెనుసుగడ్డలు కప్పేది. మక్క గటక, పచ్చిపులుసు సద్ది తెచ్చుకునేది. అందులో సగం మా కడుపుల్లోకే పోయేది. ఎండిన పసుపును గోనెపట్టా మీద పరచి కాళ్లతో రుద్ది మెరుగు పెట్టేవారు. ఆ పని అవ్వది. అరికాళ్లు, మడమలు, వేళ్ల సందులు అన్నీ ముదురు పసుపు. ఎంత కడిగినా పోదు.

నెలకోసారి సంస్కారపు ఆదివారానికి ముందు రోజు ఎండుద్రాక్ష నానబెట్టి, ఉడికించి, పిసికి, వడగట్టి బల్లకు ద్రాక్షరసం చేసేది కూడా ఆమే. మేం గిన్నె చుట్టూ ఈగల్లా ముసిరేవాళ్లం. దొంగిలించి తిన్నామని చెవులు మెలిపెట్టేది. మరుసటి నెల మా వంతు కూడా కలిపి ఒక పిడికెడు ఎక్కువ పోసేది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా విశ్వాసులు పసుపు కుంకుమలు విడిచిపెట్టినవాళ్లు. ముఖానికి, కాళ్లకు, గడపకు పసుపు రాయడం పాత బతుకు అని మాకు బోధించేవారు. అయితే వారంలో ఆరు రోజులు మేమందరం మోచేతుల దాకా పసుపులోనే ఉండేవాళ్లం. ఆదివారం కట్టిన తెల్లచీరల అంచులు పసుపు. పాటల పుస్తకాల మూలలన్నీ బొటనవేళ్ల పసుపు ముద్రలు. దాన్ని ఎవరూ తప్పుగా అనుకోలేదు. కూలి పసుపు వేరు, పూజ పసుపు వేరు. ఆ తేడా మా సంఘంలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు.

*

నాకు పన్నెండేళ్లున్నప్పుడు మా సంఘానికి కొత్త పాస్టరు అయ్యగారు వచ్చారు. వేరే జిల్లా మనిషి, పసుపు పండని ఊళ్ల నుంచి వచ్చినవారు. మంచి కంఠం. ఆయన భార్యను అమ్మగారు అనేవాళ్లం. ఆమె ఆదివారపు బడి పిల్లలకు రంగుల కార్డులు తెచ్చింది. నున్నటి అట్ట, మీద గొర్రెపిల్ల బొమ్మ, పువ్వులు, కింద బంగారు రంగు అక్షరాల్లో వాక్యం. సరైన జవాబు చెప్పిన పిల్లకు ఒక కార్డు. మేం అలాంటివి ఎన్నడూ చూడలేదు. నాకు అప్పటికి ఒక్కటీ రాలేదు.

ఆ ఈస్టరుకు మేం నలుగురు ఆడపిల్లలం మొదటిసారి బల్ల దగ్గరికి పోవాలి. అవ్వే మమ్మల్ని సిద్ధం చేస్తోంది. ఈస్టరుకు ముందరి శ్రమల దినాల మధ్యలో మా గల్లీలో పిల్లలకు తట్టు వచ్చింది. మా ఎదురింట్లో కూలి చేసుకునేవాళ్లు, విశ్వాసులు కారు. వాళ్ల నాలుగేళ్ల పిల్ల ఒళ్లంతా పేలి, మూసిన కన్ను తెరవలేదు. పోచమ్మ పోసిందని గుమ్మానికి వేపమండలు కట్టారు. మా వాళ్లెవరూ ఆ గడప తొక్కలేదు. అంటుకుంటుందని ఒక భయం, పోచమ్మ ఇల్లని ఇంకో భయం.

అవ్వ పోయింది. వేపాకు గిన్నె పట్టుకుని వెనక నేనూ పోయాను. నాకు అంతకుముందే తట్టు వచ్చి పోయింది. మూడు రోజులు పని మానుకుని ఆ పిల్ల పక్కన కూర్చుంది. వేపాకు, పసుపు కలిపి మెత్తగా నూరి ఒంటికి రాసింది. గంజి నీళ్లు దూదితో నోట్లో పిండింది. మధ్యమధ్య కళ్లు మూసుకుని తన తీరులో దేవుణ్ని తిట్టింది. మూడో రోజు పొద్దున పిల్ల కళ్లు తెరిచి, ఆకలి అంది.

లేచి పోబోతుంటే ఆ పిల్ల తల్లి అవ్వను పీట మీద కూర్చోబెట్టింది. చిప్పలో పసుపు కలిపి తెచ్చి కాళ్ల దగ్గర కూర్చుంది. ముత్తయిదువను సాగనంపేటప్పుడు చేసే మర్యాద అది. గోడకు ఆనుకుని కూర్చున్న వాళ్లత్త గొణిగింది.

"మొగుడు లేనామెకు పసుపు రాస్తరానే?"

"నా బిడ్డను బతికిచ్చింది అత్తా. నాకు గీమెనే పోచమ్మ," అంటూ ఆమె అవ్వ పాదాలు రెండు చేతుల్లోకి తీసుకుంది.

అవ్వ వంగి ఆమె తల మీద చెయ్యి వేసింది. "నేను పోచమ్మను గాదే పిల్లా. నీ అసొంటి కూలిదాన్నే. నీ బిడ్డను నిలవెట్టింది నా ప్రభువు. గీ పసుపు పెడితే ఆయనకు పెట్టు," అంది. కానీ కాళ్లు వెనక్కి తీసుకోలేదు. ఆమె ఏడుస్తూ మడమల దాకా రాసింది. అవ్వ కిందికి చూస్తూ కదలకుండా కూర్చుంది. భర్త పోయాక ఆమె పాదాలను అలా పట్టుకున్నవాళ్లు ఎవరూ లేరని అప్పుడు నాకు తట్టలేదు. ఇప్పుడు తడుతుంది.

*

ఆ ఆదివారం బడిలో అమ్మగారు అడిగింది. "మన సంఘంలో ఎవరి ఇంట్లోనైనా పాత ఆచారాలు మీ కంటపడ్డాయా? దాచకూడదు పిల్లలూ. నిజం చెప్పిన పిల్లకు ఈ కార్డు."

కార్డు మీద కాపరి, ఆయన భుజాల మీద గొర్రెపిల్ల. నేను లేచి నిలబడ్డాను.

"అవ్వ కాళ్లకు పసుపు రాయించుకుంది. గామెను పోచమ్మ అన్నరు."

పిల్లలు గొల్లున నవ్వారు. నాకు గర్వమేసింది. దానికి అవ్వ ఏమన్నదో నేను చెప్పలేదు. అమ్మగారు అడగలేదు. కార్డు నా చేతికి వచ్చింది.

ఆరాధన అయ్యాక వరండాలో కమిటీ కూర్చుంది. అయ్యగారు, నలుగురు పెద్దలు. వాళ్లలో మాట సాగే పెద్దాయన మార్కెట్ యార్డులో గుమాస్తా. మా వాళ్లలో చాలామందికి హమాలీ పని ఆయన మాట మీదే దొరికేది. మా నాన్నకు కూడా. అవ్వను పిలిపించారు. నేను స్తంభం వెనక నిలబడ్డాను.

"మీరు పాదాలకు పసుపు రాయించుకున్నారా?" అని అయ్యగారు అడిగారు.

"రాయించుకున్న."

పెద్దాయన గబగబా అందుకున్నాడు. "అయ్యగారూ, గీమె కల్లంల కాళ్లతోని పసుపు రుద్దుతది. మా ఆడోళ్లందరి కాళ్లు గట్లనే ఉంటయి. చెప్పు అవ్వా, కల్లంల అంటిందని చెప్పు. ఒడిసిపోతది."

"కల్లంల అంటింది వేరే. గిది పిల్ల తల్లి రాసింది. ఆమె రాస్తుంటే నేను కూసున్న. లేనిది ఎట్ల చెప్పాలె?"

"మిమ్మల్ని దేవత పేరుతో పిలిచారట."

"పిలిచింది. కాదని చెప్పిన. నా ప్రభువు పేరు చెప్పిన."

"అయినా కాళ్లు వెనక్కి తీసుకోలేదు."

"తీస్కోలే. ఆమెకు తెలిసిన దండం గదొక్కటే అయ్యా. ప్రభువు కాళ్ల మీద ఒకామె వడి ఏడ్సి, ఎంటికలతోని తుడిస్తే ఆయన గుంజుకున్నడా?"

"ప్రభువుతో పోల్చుకుంటున్నారా మీరు?"

"పోల్చుకుంటలేను. నేర్సుకుంటున్న."

పెద్దల్లో ఒకాయన నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. అయ్యగారి ముఖం ఎర్రబడింది. సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకునేదాకా బల్ల దగ్గరికి రావద్దని, పిల్లల్ని, ద్రాక్షరసం పనిని కూడా విడిచిపెట్టాలని చెప్పారు. అవ్వ నలుగురు పెద్దల ముఖాలూ వరసగా చూసింది. ఆ నలుగురి భార్యలకూ కాన్పులప్పుడు వేడినీళ్లు కాచింది ఆమె. నలుగురి కూతుళ్లకూ కీర్తనలు నేర్పింది ఆమె.

"జర తగ్గు అవ్వా, ఒక్క మాటనే గదా," అన్నాడు పెద్దాయన, నేల చూస్తూ.

"నువ్వు ఒక్క మాట అను బిడ్డా. అవ్వ గసొంటిది కాదని అను."

ఆయన అనలేదు. ఎవరూ అనలేదు.

అయ్యగారి మీద నా కోపం ఎప్పుడో చల్లారింది. ఆయనకు మా ఊరు తెలియదు, మా ఆడవాళ్ల కాళ్లు తెలియవు. రెండేళ్లకు బదిలీ అయిపోయారు. ఆ నలుగురికి తెలుసు. అబద్ధం చెబితే కాపాడతామన్నారు, నిజం చెబితే తల దించుకున్నారు. నా కోపం వాళ్ల మీద. వాళ్లు పోయి చాలా కాలమైంది, కోపం పోలేదు.

*

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను, కార్డు సంగతితో సహా. అమ్మ బీడీల చాట ఒళ్లోంచి దించి పక్కన పెట్టింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు.

"అవ్వ ఏమన్నదో నీకు తెల్సు గదా. గది ఎందుకు చెప్పలే?"

"నువ్వు పొయ్యి అయ్యగారికి చెప్పే."

అమ్మ చాట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. "పెద్దాయన ఊకున్న కాడ మనం నోరు తెరుస్తే, రేపు మీ నాయిన యార్డుల అడుగు పెడతడా? నువ్వే పో. అవ్వ కాళ్లు మొక్కు."

పోయాను. అవ్వ వాకిట్లో తునికాకు కత్తిరిస్తోంది. చెప్పింది నేనేనని చెప్పాను. కత్తెర ఆగలేదు.

"అబద్ధం చెప్పినవా?"

"లేదవ్వా."

"మరి నేనన్న మాట ఏడ పోయింది?"

"అడగలే."

"అడగలేనట. వాక్యం అప్పజెప్పినప్పుడు ఒక్క మాట మింగితే కొమ్ములన్ని మళ్ల కుప్పల ఏయిస్తనా లేదా? పో. మొదటి సంది చెప్పిరా."

పరుగెత్తాను. అమ్మగారు గుమ్మంలో బియ్యం ఏరుతోంది. మొదటినుంచీ చెప్పాను, అవ్వ అన్నదంతా, ఒక్క మాట తప్పకుండా. ఆమె విన్నది. కాదనలేదు. "అయ్యగారు నిర్ణయం చేసేశారమ్మా. నువ్వు మాత్రం మంచి పిల్లవి," అని లోపలికి పోయి ఇంకో కార్డు తెచ్చి ఇచ్చింది. దాని మీద పావురం. దారిలో రెండు కార్డులూ చింపి మోరీలో పడేశాను. చింపితే ఏమైంది? ఏమీ కాలేదు.

*

ఈస్టరు నాడు మేం నలుగురం తెల్ల లంగా ఓణీలు వేసుకున్నాం. పొద్దున్నే అవ్వ ఇంటికి పోతే, కొంగు సరిచేసి, వాక్యాలన్నీ ఇంకోసారి చెప్పించుకుంది. తర్వాత మా కంటే ముందే వచ్చి చివరి బెంచీలో, చెప్పుల కుప్ప పక్కన కూర్చుంది.

మోకాళ్లూనాను. అయ్యగారు నా అరచేతిలో రొట్టె ముక్క పెట్టారు. చెయ్యి నోటి దగ్గరికి తీసుకుపోయి, నోరు కదిపాను. ముక్క పిడికిట్లోనే ఉంది. ద్రాక్షరసం మాత్రం తాగాను. అది అవ్వ చేసినది కాదు. నీళ్లలా ఉంది.

ఆరాధన అయ్యాక ప్రహరీ పక్కన ఆమెను పట్టుకుని పిడికిలి తెరిచాను. చెమటకు రొట్టె ముద్దయి, నా చేతి పసుపు అంటింది.

"ఏందిది?"

"నీ కోసం తెచ్చిన. నీకు పెట్టలే గదా."

ఏడుస్తుందనుకున్నాను. దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకుంటుందనుకున్నాను. ఆమె నా చెవి పట్టుకుంది.

"దాసుకొస్తివా? ప్రభువు బల్ల కాడికెళ్లి దొంగతనంగ తెస్తివా?"

"వాండ్లు నిన్ను పిలుస్తలేరు అవ్వా."

"పిలుస్తరు. పిలిచే దాంక అడుగుత. పిలిచినప్పుడు అందరి ముంగట నడిసి పొయ్యి తింట. గోడ సాటుకు తినేటంత తప్పు నేనేం జేసిన? తిను. గిది నీది. కింద పడకుంట తిను."

చెవి ఆమె చేతిలో ఉండగా తిన్నాను. ఉప్పగా, చేదుగా ఉంది. నా మొదటి సంస్కారం అది. మింగాక నోరు తెరిపించి చూసింది. అప్పుడు చెవి వదిలి, ఆ చేతినే నా తల మీద పెట్టి, "తండ్రీ, గీ పిల్ల దొంగది గానీ మంచిది," అని ప్రార్థన చేసింది.

*

ఆ తర్వాత ప్రతి నెలా మొదటి ఆదివారం అవ్వ ఒకటే పని చేసింది. బల్ల దగ్గరికి వరసలు లేచే సమయానికి తనూ లేచేది. ముందుకు పోదు. చివరి మనిషి తిరిగొచ్చి కూర్చునేదాకా నిలబడే ఉండేది. ఎవరూ పిలవకపోతే కూర్చునేది. ప్రతి నెలా సంఘమంతా చూసింది. చూసి అలవాటు పడింది. మొండిది అన్నారు. గర్వం అన్నారు. అయ్యగార్లు మారారు. వచ్చిన ప్రతి ఒక్కరికీ పెద్దలు చెప్పిన మాట ఒక్కటే, "పాత ముచ్చట అయ్యా, గెలక్కుండ్రి."

ఆదివారపు బడి ఆమె నుంచి తీసేసుకున్నారు గానీ, వాక్యం నోటికి వచ్చినది ఇంకెవరికి? ఆ నలుగురు పెద్దలూ సాయంత్రాలు తమ మనవరాళ్లను అవ్వ వాకిటికే పంపారు. పోటీల్లో ఆ పిల్లలు బహుమతులు తెస్తే చర్చిలో చప్పట్లు కొట్టారు. అవ్వ వెనక బెంచీలో ఉండగానే.

ఇప్పుడు ఆమె పేరు గోడ మీద రాస్తారట. నేను ఇవ్వబోయే సాక్ష్యం ఇదే. ముందు ఆమె మీద వేసిన నిషేధాన్ని సంఘం తప్పని ఒప్పుకోవాలి. ఎవరైతే ఎదురుగా కూర్చుని ఆమెన్ అంటున్నారో వాళ్లందరూ లేచి నిలబడి ఒప్పుకోవాలి. ఆ తర్వాత పేరు పెట్టండి. అది చెయ్యకపోతే ఆ గదికి ఆమె పేరు వద్దు, ఆమెను మళ్లీ అబద్ధంలోకి లాగొద్దు. మూడు నిమిషాలకు ఇది సరిపోతుంది.

ఈ మాట అనే హక్కు నాకుందా అంటే, లేదు. ఎందుకు లేదో కూడా చెప్పాలి. మొత్తం చెప్పాలి కదా.

అవ్వ ఆఖరి రోజుల్లో మా ఊరి దవాఖానలో ఉంది. నేను పక్కన ఉన్నాను. ఒక మధ్యాహ్నం అప్పటి అయ్యగారు, పడుచువాడు, చిన్న పెట్టెలో రొట్టె, ద్రాక్షరసం పట్టుకుని వచ్చాడు. తనను లేపి కూర్చోబెట్టమని అవ్వ నాతో అంది. కూర్చుని, కొంగు తల మీదికి తీసుకుని, అడిగింది.

"సంఘం పిల్వమన్నదా అయ్యా, నీ అంతల నువ్వే వచ్చినవా?"

అతను అబద్ధం చెప్పలేకపోయాడు. "నేనే వచ్చిన అవ్వా. సంఘంతోని తర్వాత మాట్లాడుత. ముందు మీరు తీస్కోండి."

"గట్లయితే ఆగు. వాండ్లను అడిగి రా. ఉంట."

అతను నా వైపు చూశాడు. అవ్వ కూడా నా వైపే చూసింది. ఆ ఏడు కమిటీలో ఐదుగురం ఉన్నాం. స్త్రీల సమాజం తరఫున అందులో నేను ఒకదాన్ని. సంఘం తరఫున నేను పిలుస్తున్నాను అవ్వా, అని ఒక్క మాట నా నోట వస్తే చాలు. కమిటీలో ఉన్న ఆ పెద్దాయన కొడుకు ఒప్పుకుంటాడా, లేనిపోని గొడవవుతుందేమో, అందరినీ అడగకుండా నేనొక్కదాన్ని ఎలా అనడం అని ఆలోచించాను. గ్లాసు కడుక్కొస్తానని బయటికి పోయాను. నల్లా దగ్గర నిలబడి, కడిగిన గ్లాసునే మళ్లీ మళ్లీ కడిగాను.

తిరిగొచ్చేసరికి అయ్యగారు లేడు. అవ్వ కొంగు తల మీదినుంచి తీయకుండా, అలాగే కూర్చుని ఉంది.

"కమిటీ ఎప్పుడు కూసుంటది మీది?" అని అడిగింది.

"ఆదివారం అవ్వా."

"సరే. ఆదివారం దాంక ఉంట తియ్," అని పడుకుంది.

శుక్రవారం పొద్దున పోయింది. ఆదివారం మేం ఐదుగురం వరండాలో కూర్చున్నాం. ఆమె జీవితం కోసం దేవునికి స్తోత్రం చెల్లించాం. ప్రహరీ గోడ మరమ్మతు గురించి మాట్లాడుకున్నాం. ఇంకేమైనా విషయాలున్నాయా అని అయ్యగారు నా వైపు చూసి అడిగితే, ఏమీ లేవన్నాను.